మలాకా వీరుడి కథకు ఊ కొట్టాను

మా మేఘన బడిలో మలయ్ భాష తీసుకున్నప్పుడు బంధువుల్లో దెప్పని వాళ్ళు లేరు. తెలుగే వచ్చీ రాక మాట్లాడుతుంది, మలయ్ నేర్చుకుని ఎవరిని ఉద్ధరిస్తుందన్నారు. ఆ పిల్లనే మొన్న మలయ్ వీరగాథ పారాయణంలో ఒక ఘట్టం చదవమని పిలిచారు. ఎంత గర్వపడ్డానో అంత బెంగపడ్డాను. మలయ్ మాతృభాష అయిన పెద్దల ముందు తడబడిందంటే, ఇక మలయ్‌లో నోరు విప్పదు.

శనివారం ఉదయం మేముండే టాంపినీస్‌లో ట్రైన్ ఎక్కితే అరగంటలో బూగిస్ స్టేషన్‌లో దిగాం. ఛార్జీ రెండు డాలర్లు దాటదు. అక్కడి నుంచి పాత మలయ్ పేట కంపాంగ్ గ్లామ్‌కు నడకే. దారిలో నాసి లెమాక్ అనే కొబ్బరిపాల అన్నం అమ్మే ఆంటీ బండి దగ్గర ఆగాం. సంగతి తెలిసి మేఘన పళ్ళెంలో ఇంకో గుడ్డు వేసింది. ఆ వీరగాథ చిన్నప్పుడు తన తాత చెప్పేవాడట, ముగింపు మాత్రం గుర్తులేదట.

పారాయణానికి టికెట్ లేదు. హాల్లో గాజు పెట్టెలో అరబ్బీ లిపిలో చేత్తో రాసిన ఆ గాథ పాత ప్రతి ఉంది. ఎవరెవరో ఓపిగ్గా ఎత్తిరాయబట్టే మలాకా సుల్తాన్ కొలువులోని ఆ వీరుడు మనదాకా వచ్చాడు.

వీరుడు పరాయి రేవులో ఒంటరిగా ఓడ దిగే ఘట్టం మేఘనది. గొంతు నూతిలోంచి వస్తోంది. ఎవరూ ఊ కొట్టడం లేదు. వాక్యం ముగియగానే నేను గట్టిగా “ఊఁ” అనేశాను. నరసరావుపేటలో మా ఇంట్లో ఊ కొట్టకపోతే కథ అక్కడే ఆపేసేవారు. ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? అందరూ వెనక్కి తిరిగారు. మేఘన చదవడం ఆపేసింది.

“అమ్మా, డోంట్ లా,” అంది మేఘన ఇక్కడి పిల్లల యాసలో, ఏడుపు గొంతుతో.

పారాయణం నడిపే రిటైరైన మలయ్ మాస్టారు అదేమిటని అడిగారు. సిగ్గుపడుతూనే చెప్పాను. ఆయన ఇంగ్లీషులో అన్నారు: “మా తాత చదివేటప్పుడు కూడా వరండాలో ఎవరూ ఊరికే కూర్చునేవారు కాదు. అమ్మను అననివ్వు తల్లీ, నువ్వు చదువు.”

తరువాతి వాక్యానికి నాతోపాటు ఆయనా ఊ కొట్టారు. ఆ పై వాక్యానికి ముందు వరుస అవ్వలు. మేఘన తల పైకి లేచింది, గొంతు హాలు చివరిదాకా వినిపించింది.

తిరుగుదారిలో మేఘన తనే నాసి లెమాక్ ఆంటీ దగ్గర ఆగి, ఆ వీరుడు చివరికి ఏమయ్యాడో మలయ్‌లో చెప్పింది. గరిటె పక్కన పెట్టి ఆంటీ మొత్తం వింది. గాజు పెట్టెలోని ప్రతిని చూసి దణ్ణం పెట్టుకున్నాను కానీ, ఆ కథ బతికే ఉందని నాకు నమ్మకం కలిగింది ఆ బండి దగ్గరే. చెప్పింది నా కూతురు.

మీరూ వెళ్తే కాస్త ముందుగా చేరి, ముందు వరుసలో కూర్చోండి. చదివేవాళ్ళకు మీ ఊ వినపడాలి.