కొయ్య లాంతరుకు దండం

2008 కార్తీకమాసంలో తిరుపతి నుంచి శ్రీకాళహస్తికి వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న స్త్రీ ఒడిలో ఒక కొయ్య లాంతరు ఉంది. ఆమే చెక్కి, లోపల ఛార్జింగ్ బ్యాటరీ, ఎల్‌ఈడీ బల్బులు బిగించిందట.

"అమ్మేదానికి పోతే, నూనె లేనిది దీపమెట్లయితాది, దీనికెవరు దండం పెడతారని అంగడాయన తిప్పి పంపినాడు సామీ."

ఎన్ని గంటలు వెలుగుతుందని అడిగాను.

"తెల్లార్లూ. నమ్మకుంటే మా ఇంటికొచ్చి కూసో!"

కొలవనిదే దేన్నీ నమ్మని మనిషిని నేను.

చీకటి పడింది. బస్సులో లైట్లు వెలగలేదు. కండక్టరు చిల్లర కోసం తడుముకుంటుంటే ఆమె లాంతరు మీట నొక్కింది. వెలుగు పడగానే అతడు, ఇంట్లో సంజెదీపానికి మొక్కినట్టే, చేతులు జోడించి కళ్లకద్దుకున్నాడు.

"నూనె యాడుండాదని ఆయప్ప అడిగినాడా సామీ? రేపు మళ్లా ఆ అంగడికే పోతా!"