వాళ్ళే వద్దన్నారు

చాలా ఏళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. చూసేవాళ్ళకు అది బరువులా కనపడేది కాదు, మెప్పులా కనపడేది. నలుగురిలో నన్ను పరిచయం చేసేటప్పుడు, ఆ రెండు ఊళ్ళను కలిపింది ఈయనే అనేవారు. నేను తల దించుకునేవాణ్ణి. వినయమనుకునేవారు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు మొదటి నుంచీ చెప్పగలుగుతున్నాను.

మాది కడప. ఒమాన్‌కు వచ్చి చాలా కాలమైంది. మస్కట్ శివారు అల్ మవాలేలో దుకాణాల పైన మా ఆఫీసు. పొరుగున యుద్ధం ముగిసిన ఒక దేశానికి ఇక్కడి నుంచి మామూలు మనుషులను పంపుతాం. టీచర్లు, నర్సులు, రిటైరైనవాళ్ళు, రకరకాల దేశాలవాళ్ళు. చేతిలో ఆయుధం ఉండదు. భయమున్న దారిలో అక్కడి జనానికి తోడు నడుస్తారు, అంతే. బయటివాళ్ళు చూస్తుండగా రాయి విసరడానికి ఎవరైనా వెనకాడతారు. ఎవరు ఎప్పుడు ఏ ఊరికి వెళ్ళాలో, ఏ సంస్థ ఏ దారి చూసుకోవాలో కుదర్చడం నా డ్యూటీ.

అక్కడ ఒక ఎండు వాగుకు అటూ ఇటూ రెండు ఊళ్ళున్నాయి. యుద్ధంలో చెరో పక్షం. సంత దిగువ ఊళ్ళో జరుగుతుంది. ఎగువ ఊరి ఆడవాళ్ళు సంతకని వాగు దిగితే రాళ్ళు పడేవి. మావాళ్ళు తోడు నడిచాక ఆగాయి. ఆ నడిచేవాళ్ళలో ముందుండేది సుగుణక్క. జగిత్యాల మనిషి, ఒమాన్‌లోనే సోహార్ పట్టణంలో నర్సుగా చేసి రిటైరై, అక్కడే కొడుకు దగ్గర ఉంటోంది. ఎగువ ఊరి పెద్దావిడ ఉమ్ సాలిం ఆమెను చెల్లీ అని పిలిచేది.

ఒకసారి మస్కట్‌లో పెద్ద సమావేశం పెట్టాం. నిధులిచ్చేవాళ్ళంతా వచ్చారు. నేను లేచి, ఆ రెండు ఊళ్ళూ రాజీపడ్డాయని చెప్పాను. పడలేదు. పడబోతున్నాయన్న ఆశను పడినట్టే చెప్పాను. అతిథిగా వచ్చిన ఉమ్ సాలిం అందరి ముందూ నిలబడింది. ఇంకా ఏ రాజీ లేదనీ, తోడు లేకుండా తాము వాగు దాటలేమనీ, ఈ మాట చెబుతున్న మనిషి ఆ దారిలో ఒక్కసారైనా నడవలేదనీ అంది. ప్రతి మాటా నిజం. అందుకే అంత మండింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మాకు మనుషులు తగ్గారు. ఏదో ఒకచోట తోడు ఆపక తప్పదు. ఎక్కడో తేల్చాల్సింది నేను. ఎగువ ఊరిని తీసేశాను. అవసరాలు తూచి చూసే తీశానా? అప్పుడు నాకు నేను అలాగే చెప్పుకున్నాను, నమ్మాను కూడా. ఇప్పుడు అడిగితే మాత్రం ఆ సమావేశంలో నా వైపు తిరిగిన మొహాలు తప్ప ఇంకో కారణం కనపడటం లేదు. పైవాళ్ళు ఎందుకని అడిగితే, ఊరివాళ్ళే వద్దన్నారని చెప్పాను. ఊరికి ఏమీ చెప్పలేదు. ఊళ్ళతో మాటలన్నీ ఆఫీసు ద్వారానే సాగాలన్నది మా నియమం. ఉమ్ సాలిం ఫోన్ చేస్తే నేను ఎత్తలేదు.

సంగతి తెలిసి సుగుణక్క సోహార్ నుంచి ఆఫీసుకు వచ్చింది.

"ఎవలు వద్దన్నరు తమ్మీ? ఉమ్ సాలిం అన్నదా?"

"ఔనక్కా. ఊరోళ్ళంతా అనుకున్యారంట."

"నాతోని ఏమన్న తప్పయిందా? పోయినసారి ఆమె కోడలికి జెరమొస్తే గోలీలిచ్చిన. గట్ల ఇచ్చుడు నచ్చలేదా ఆళ్ళకు?"

అక్కడ ఆగి ఉండొచ్చు. లేదక్కా, నీ తప్పేం లేదు అంటే చాలు.

"ఏమోక్కా. వాళ్ళ పట్టింపులు వాళ్ళయి."

"నాదే తప్పయి ఉంటది" అని ఆమె లేచి వెళ్ళిపోయింది. ఇంకెప్పుడూ మా పనికి రాలేదు. ఉమ్ సాలిం మీద నాకు కోపముంది, సరే. ఈమె నాకేం చేసింది?

తర్వాతి సంతరోజు ఎగువ ఊరి ఆడవాళ్ళు తోడు కోసం వాగు ఒడ్డున ఎదురుచూశారు. ఎండెక్కేదాకా చూశారు. ఇక రారని తెలిసి వాళ్ళే దిగారు. రాళ్ళు పడ్డాయి. ఒకటి ఉమ్ సాలిం కోడలు హుదా ఎడమ కంటికి తగిలింది. చూపు పోయింది.

ఆ మరుసటి సంతకు ఎవరూ ఊహించనిది జరిగింది. దిగువ ఊరి ఆడవాళ్ళు, ఆ రాళ్ళు విసిరినవాళ్ళ తల్లులు, వాగులోకి దిగి వచ్చారు. హుదా ఇంటిదాకా వెళ్ళి కూర్చున్నారు. తిరిగి వస్తూ ఎగువ ఊరివాళ్ళకు అటొకరూ ఇటొకరూ నిలబడి సంతదాకా నడిచారు. ఆ రోజు నుంచి ప్రతి సంతకూ అలాగే నడుస్తున్నారు. ఇది వినగానే మా పైవాళ్ళు నన్ను మెచ్చుకున్నారు. సరైన సమయంలో పక్కకు తప్పుకున్నానట. నేను కాదనలేదు. కొత్తవాళ్ళకు దాన్ని పాఠంగా చెప్పడం మొదలుపెట్టారు. ఆ పాఠం చెప్పడానికి నన్నే పిలిచేవాళ్ళు. నేను వెళ్ళేవాణ్ణి.

మొన్నీమధ్య ఇంకో లోయలో తోడు తీసేద్దామన్న మాట వచ్చింది. ఆ రెండు ఊళ్ళ కథనే ఉదాహరణగా చూపించారు. అక్కడ వాగు ఒడ్డున ఇంకెవరో ఎదురుచూస్తూ నిలబడతారు. ఆ ఆలోచన వచ్చాక ఇక నోరు ఊరుకోలేదు. ఆ మాట వచ్చిన గదిలోనే, అందరి ముందూ, ఊరు వద్దనలేదు, నేనే అబద్ధం చెప్పానన్నాను. ఆ లోయలో తోడు ఆగలేదు. నన్నేం చేయాలో వాళ్ళింకా తేల్చలేదు.

ఉమ్ సాలింకు ఫోన్ చేసి చెప్పాను. అంతా విని పెట్టేసింది. హుదా నాతో మాట్లాడనంది. అది ఆమె హక్కు.

సోహార్ వెళ్ళి సుగుణక్కకు చెప్పాను. ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఇన్నొద్దులు నన్ను నేనే తిట్టుకున్న కదరా" అంది. తర్వాత ఉమ్ సాలిం నంబరు అడిగి తీసుకుంది. "నువ్వు నడుమల ఉండకు. అరబ్బీ నాకొస్తది" అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. బయట నిలబడ్డాను. లోపల్నుంచి ఆమె గొంతు, ఫోన్లోంచి ఇంకో గొంతు. కాసేపటికి ఇద్దరూ ఏడుస్తున్నట్టూ, నవ్వుతున్నట్టూ వినిపించింది. నన్ను ఎవరూ పిలవలేదు. వచ్చేశాను.

వచ్చే సంతకు సుగుణక్క ఆ ఊరు వెళ్తోందని ఆఫీసులో విన్నాను.

మంచే జరిగింది కదా అని మీకు అనిపించవచ్చు. ఆ మంచి ఆ తల్లులు చేసింది. హుదా కన్ను పోవడం నా వల్ల. ఒకదాని వెనక ఇంకోదాన్ని దాచకుండా ఈ రెండు మాటలూ చెప్పడం నాకు ఇన్నేళ్ళకు చేతనైంది.