రెండో బొండం

ఇరవై ఏళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మా బావ, అంటే అక్క భర్త, కవిటి దగ్గర కొబ్బరితోటలో పనిచేసేవాడు. మా ఉద్దానంలో చాలామందికి లాగే ఆయనకీ కిడ్నీలు పాడయ్యాయి. విశాఖలో డాక్టరుగారు అక్కకీ నాకూ విడమరిచి చెప్పారు. ఒంట్లో పొటాషియం బయటికి పోవడం లేదు, అది పెరిగితే గుండె ఆగుతుంది. కూరలు ఉడికించి ఆ నీళ్లు వార్చి పారబోయండి, కొబ్బరి నీళ్లు అసలే వద్దు. అక్క తలూపింది. నేనూ ఊపాను. కానీ నమ్మానా? నాకు విరేచనాలైతే మా అమ్మ ముందు బొండమే కొట్టించేది.

ఒక మధ్యాహ్నం అక్క బజారుకెళ్లింది. బావ అరుగుమీద పడుకుని పెదాలు తడుపుకుంటున్నాడు. ఆయనకి మంచినీళ్లు కూడా కొలతే.

"ఒరే, ఒక్క బొండం కొట్టరా. నాలిక పిడసకట్టుకుపోతంది. మీ అక్కకి సెప్పకు."

"డాక్టరు వద్దన్నారు కదేటి, బావా?"

"బొండం నీళ్లు తాగి సచ్చినోణ్ణి ఈ ఉద్దానంలో నువ్వు సూసినావేటి?"

నవ్వాను. చూడలేదు మరి. కత్తి తీశాను. ఒకటి అడిగాడు, రెండు కొట్టాను. జాలా అది? డాక్టరు కన్నా మాకే ఎక్కువ తెలుసన్న పొగరా? మొదటిది జాలే అనుకుంటాను. రెండోది మాత్రం పొగరే.

సాయంత్రానికి కాళ్లు లేవడం లేదన్నాడు. ఆటోలో ఆసుపత్రికి చేర్చేసరికి ప్రాణం పోయింది. "ఏం పెట్టారమ్మా?" అని అడిగారక్కడ. నేను నోరు తెరిచేలోపే అక్క ఘొల్లుమంది. "సప్పిడి కూర తినలేకపోతన్నాడని ఇయ్యాల వార్సలేదు బాబూ."

నోరు తెరిచేలోపే అన్నాను, చూశారా? అబద్ధం. తెరవాలనుకోలేదు. రెండు బొండాల ముందు గరిటెడు కూర ఎంత?

తర్వాతి ఆదివారం మా చర్చి సంఘంలో సాక్ష్యం చెప్పే వేళ అక్క లేచి నిలబడి, తన చేతి కూరే మొగుణ్ణి చంపిందని అందరి ముందూ ఒప్పుకుంది, దేవుణ్ణి క్షమించమని అడిగింది. మగవాళ్ల చాపమీద కూర్చున్న నేను అందరితోపాటు ఆమేన్ అన్నాను. ఛీ, ఎలా అన్నాను?

ఇప్పటికీ అక్క ఏ కూరైనా రెండుసార్లు వార్చే వండుతుంది. ఏ జబ్బూ లేని నాకు కూడా. భోజనానికి వెళ్తే ఆ చప్పిడి కూర వడ్డించి, "బాగుందేటిరా?" అని అడుగుతుంది. బాగుందక్కా అంటాను.

ఆమెకి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. వస్తుందని మాటివ్వలేను. కానీ బొండాలు కొట్టింది నేనే. ఒకటి కాదు, రెండు. రాశాను. రాసింది కొట్టెయ్యలేదు.