దొంగ పొన్నగంటి

పక్కన మా ఆయన మగ్గం నేస్తున్న చప్పుడు వింటూనే ఇది రాస్తున్నాను. నల్గొండకు దగ్గర్లోని మా ఊళ్లో గుంత మగ్గం నేసే ఇళ్లు తగ్గిపోయాయి. ఆయన మాత్రం ఇంకా ఆ గుంతలో కాళ్లు పెట్టుకునే కూర్చుంటాడు. దాన్ని పూడ్చేయడానికి మట్టి కూడా తెచ్చి వాకిట్లో పోసిన రోజు ఒకటుంది. పూడకుండా ఆపింది నేను. ఎలాగో చెబుతాను.

మగ్గం ఇంటి వెనక గోడకు ఎండ తగలదు. అక్కడే గిన్నెలు తోమే బండ, దాని పక్కనే వాననీళ్లూ వాడకం నీళ్లూ పోయే మోరి. ఆ తడి నీడలో మా అత్తమ్మ, తాను కోడలిగా వచ్చిన కొత్తలో పొన్నగంటి కూర నాటింది. పొన్నగంటి కంటికి మంచిదని మా వైపు అందరూ అంటారు. చూపు మీద బతికే నేతపని వాళ్లమేమో, దాన్ని మందులా చూస్తాం. వేరుతో పీకనివ్వరు. లేత కొసలు గిల్లుకుని, మిగిలిన కాడలను మళ్లీ మోరి పక్క తడిలో గుచ్చుతారు. అత్తమ్మ నాకు నేర్పిన మొదటి పని అదే.

తెలంగాణ వచ్చిన తొలి ఏళ్లలో చెరువు పూడిక మట్టి ఒక ట్రాక్టర్ తెప్పించి పెరట్లో పోయించాం. ఆ మరుసటి వానాకాలం పొన్నగంటిని చూడాలి! గోడ వెంట దుప్పటి పరిచినట్టు అల్లుకుంది. అప్పటికే అత్తమ్మ కళ్లకు పొర కమ్మి, మనుషులను గొంతుతోనే పోల్చుకునేది. దవాఖానకు రమ్మంటే వినదు, పొన్నగంటి తింటే చాలంటుంది. కూర బాగా పెరిగిందని నేను చెబితే మురిసిపోయింది. గిల్లుకున్నకొద్దీ కాడలు గుచ్చాం, గుచ్చినకొద్దీ అది పెరిగింది. రుచి మాత్రం లేదు.

"గడ్డి ఉడుకబెట్టినట్టుంది. మీ అమ్మ నీకు పోపు ఏసుడు గూడ నేర్పలేదా పిల్లా?" అనేది అత్తమ్మ ముద్ద ముద్దకూ.

"అన్నీ నేర్పింది అత్తమ్మా. నీ నోటికే ఏందో అయింది" అనేదాన్ని నేను.

అలా అలా అది మోరిలోకి దిగి, నీళ్ల మీద తెప్పలా తేలుతూ దారి మూసేసింది. వాన పడితే నీళ్లు వెనక్కి తన్ని, గోడ కిందనుంచి ఊటలా మగ్గం గుంతలోకి వచ్చేవి. కాళ్ల కింది తొక్కుడు కర్రలు నాని ఉబ్బాయి. పడుగు నూలుకు చెమ్మ మరకలు పడ్డాయి. ఒకరోజు ఆయన పిక్కల దాకా నీళ్లలో నిలబడి, "ఇగ నాతోని గాదు. గుంత పూడ్చేస్త. టౌన్ల బట్టల దుకాణంల పనికి వోత" అన్నాడు.

"మోరిల ఆ కూరంత పీకేస్తే నీళ్లు పోతయ్ గద?" అన్నాను.

అత్తమ్మ మంచం మీదనుంచే అందుకుంది. "పీకుతవా? అది నేను నాటింది, నా కండ్ల మందు. నేను సచ్చినంక పీకుండ్రి. గప్పటిదాంక దాని జోలికి పోతే మంచిగుండది!"

తల్లి మాట ఆయన దాటడు. మట్టి తెచ్చి పోశాడు. మగ్గం మీదున్న చీర దిగగానే గుంత పూడుస్తానన్నాడు.

ఆ చీర సగంలో ఉండగా నేను కట్టంగూర్ దగ్గర మా అమ్మగారింటికి పోయాను. అమ్మ పొన్నగంటి పప్పు పెట్టింది. ఒక్క ముద్దకే ప్రాణం లేచి వచ్చింది. నేను వేసే పోపే, నేను వేసే పప్పే. తేడా చేతిలో లేదు, ఆకులో ఉందని అప్పుడు అనుమానం తగిలింది. అమ్మ ఆ కూర కోసిన బోరు కాలువ గట్టు మీద కూర్చుని చూశాను. ఆ పొన్నగంటికి తెల్లటి పూలు ఆకు మొదట్లో, కాడకే అతుక్కుని ఉన్నాయి. మా ఇంట్లోవి ఇలా ఉండవే! పొడుగాటి తొడిమ మీద గుండీల్లా నిలబడి ఉంటాయి. వేళ్లతో సహా ఒక గుప్పెడు తడిబట్టలో చుట్టుకుని బస్సెక్కాను.

ఇంటికి రాగానే సంచీ పక్కన పడేసి మోరి దగ్గరికి పోయి ఒక కాడ తెంపాను. లోపల బోలు! నేను రోజంతా నూలు చుట్టే కండె గొట్టంలాగే ఉంది. అమ్మగారింటి కాడ సన్నగా, గట్టిగా ఉంది. నాకు అర్థమైపోయింది. కానీ చూపు లేని అత్తమ్మకు చూపించడం ఎలా? అయితే ఆ చేతులు తక్కువవి కావు. తెగిన పోగును చూడకుండానే అతికిన వేళ్లు అవి. రెండు మొక్కలూ ఆమె ఒళ్లో పెట్టాను.

"ఏందే గివి?"

"నువ్వే చెప్పు అత్తమ్మా. ఒకటి మా అమ్మోళ్లది, ఒకటి మన మోరి కాడిది."

ఒక కాడను రెండు వేళ్ల మధ్య నొక్కింది. చప్పున అణిగిపోయింది. రెండోది అణగలేదు. తర్వాత వేళ్లు పువ్వును వెతుక్కుంటూ పోయి, తొడిమ తగలగానే ఆగాయి. రెండోదాన్ని తడిమింది. మళ్లీ మొదటిదాన్ని తడిమింది.

"పొన్నగంటి పూవుకు తొడిమ ఉండది. కాడకే కూసుంటది" అంది మెల్లగా. ఆ వెంటనే ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. "ఓరి కొడకా, గడ్డపార తేరా! దొంగది నా జాగల జొరబడ్డది!"

ఆ పనిని పండుగలా చేశాం. అత్తమ్మ కుర్చీ వేయించుకుని మోరి పక్కనే కూర్చుంది. "ఒక్క ముక్క కింద పడనియ్యకుండ్రి. పడితే మల్ల మొలుస్తది. గుచ్చి గుచ్చి పెంచింది మనమే గదనే!" అని ఒకటే హుకుం. వేళ్లు తవ్వి, ముక్కలన్నీ ఏరి బస్తాల్లో కుక్కి, డాబా మీద కరకరలాడేదాకా ఎండబెట్టి కాల్చేశాం. మోరిలో ఆఖరి కుప్ప లాగగానే నిలిచిన నీళ్లు గుళగుళమంటూ ఉరికాయి.

"పోతున్నయా?" అంది అత్తమ్మ చెవి అటు పెట్టి.

"ఉరుకుతున్నయ్ అత్తమ్మా!"

ఆమె చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత ఎక్కడ కొస తలెత్తినా వదల్లేదు, వెంటనే తవ్వి తీశాం. దాని అసలు పేరు నాకు తెలియదు. పరదేశం నుంచి వచ్చి నీళ్ల వెంట పాకే కలుపు అని తర్వాత విన్నాను. ఆ చెరువు మట్టితోనే మా పెరట్లోకి వచ్చి, అత్తమ్మ నాటిన అసలు కూరను మింగేసి ఉంటుంది. మా ఇంట్లో అది దొంగ పొన్నగంటి.

అమ్మగారింటి కూరను ఒక పాత కాగులో, మోరికి దూరంగా నాటాను. తొలి కోత పప్పులో వేసి పెడితే అత్తమ్మ చాలాసేపు నమిలింది.

"పోపు జర మాడింది" అంది. తర్వాత కంచం ముందుకు జరిపింది. "ఇంకింత ఎయ్యి."

చీర దిగే రోజుల్లోనే ముసురు పట్టింది. తెరిపివ్వగానే ఆయన గుంతలోకి దిగి, అడుగున తడిమి అరచేయి పైకెత్తి చూపించాడు. పొడి దుమ్ము!

"మరి వాకిట్ల మట్టి ఏం జేద్దం?" అన్నాడు నవ్వుతూ.

"అత్తమ్మ పొన్నగంటి కాగుల పోద్దం. నువ్వు కొత్త పడుగు ఎక్కియ్యి, కండెలు నేను చుడుత" అన్నాను.