ఖాళీ గోదాంలో మా ఆఖరి పాట

మా బ్యాండ్ డ్రమ్మర్ పోయాడన్న ఫోన్ వచ్చినప్పుడు నేను సుబేదారిలో ఆఫీసు దగ్గర బండి ఆపుతున్నాను. "తమ్మీ, అన్న లేడు. పొద్దుగాల దవాఖానకు తీస్కపోతాంటె తొవ్వలనే పోయిండు" అంది వదిన, ఆయన భార్య. నాకు ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కోపం. మా కొత్త ఆల్బమ్‌లో చివరి పాట సగంలో ఉంది. దాని గురించే గొడవపడి మేమిద్దరం మాట్లాడుకోవడం మానేశాం. అలా గొడవ మధ్యలో లేచి వెళ్లిపోవడం ఏం పద్ధతి?

కాలేజీలో మొదలుపెట్టిన రాక్ బ్యాండ్‌ను జుట్టు నెరిసేదాకా లాక్కొచ్చాం. ఆయన డ్రమ్స్, నేను గిటార్. వాళ్లది పత్తి వ్యాపారం. మా ప్రాక్టీసంతా నర్సంపేట రోడ్డు మీది వాళ్ల గోదాంలో, పత్తి బస్తాల మధ్యే జరిగేది. పత్తి చప్పుడును మింగేస్తుంది. ఎంత గట్టిగా వాయించినా బయట ఎవరూ తిట్టేవాళ్లు కాదు. మా పాటల్లోని ఆ పొడి మోత, ఆ బిగువు అక్కడ అబ్బినవే. నా వేళ్ల వేగానికి జనం ఈలలు వేసేవారు. ఆ సంగతి నేనే చెప్పుకోవాలి, ఆయన ఎలాగూ చెప్పడు. నేను ఎంత బాగా వాయించినా భుజం మీది తువ్వాలతో డ్రమ్ముల మీది దూది దులుపుతూ, "ఇయ్యాల చెడగొట్టలే" అనేవాడు. ఆయన నోట అంతకు మించిన మెచ్చుకోలు నేను వినలేదు.

అలాంటి మనిషికి ఈ ఎండాకాలం ఏం బుద్ధి పుట్టిందో, బస్తాలన్నీ వెళ్లిపోయి ఖాళీగా ఉన్న గోదాంలోనే ఆల్బమ్ రికార్డు చేద్దామన్నాడు. నేను మడికొండలో ఏసీ ఉన్న స్టూడియో చూసొచ్చాను. వింటేగా. ఆ రేకుల కప్పు కింద ఒక్క దెబ్బ కొడితే ఆ మోత నాలుగు గోడలూ తిరిగి మళ్లీ మన దగ్గరికే వచ్చేది. నేను నా మామూలు వేగంతో వాయిస్తే అంతా కలిసి అడుగంటిన ఉప్మాలా తయారయ్యేది.

"జర ఆగరాదుర. ఒకటి కొట్టు. అది పోయినంక ఇంకోటి కొట్టు" అనేవాడు.

"గట్లయితే పాట ఒడిసేసరికి వానలు పడ్తయే అన్నా."

"పడనీ. వానలు మన కోసం ఆగుతయా?"

వానలు పడ్డాయి, తగ్గాయి కూడా. ఒక్కో పాటకూ నా గిటార్ పలచబడుతూ వచ్చింది. చివరి పాట నడుమ కాస్త చోటు నాకు వదిలాడు గానీ, అందులోనూ ఒక స్వరం వాయించి నిలబడాలట, మళ్లీ ఒకటి వాయించి నిలబడాలట. "నిలబడనీకి నేనెందుకు? ఒక కట్టె పాతుకో" అని గిటార్ పెట్టెలో పెట్టుకుని వచ్చేశాను. వెనక నుంచి పిలిచాడు గానీ నేను తిరగలేదు.

ఇలా తిట్టుకుంటూ పోతే ఈ మనిషి నాకేం చేశాడని మీరు అడుగుతారు. ఒకసారి నా చెయ్యి విరిగింది. అది అతికేదాకా వచ్చిన ప్రోగ్రాములన్నీ వదులుకున్నాడు, ఇంకో గిటారిస్టును తేలేదు. ఎందుకన్నా అంటే, "కొత్తోనితోని లొల్లి పెట్టుకునే ఓపిక నాకు లేదు" అన్నాడు. నాకు అంతకన్నా ప్రేమగా మాట్లాడిన స్నేహితుడు లేడు.

కర్మ అయిపోయాక వదిన ఫోన్ చేసింది. "కొత్త పత్తి వస్తాంది తమ్మీ. రేపు గోదాం నింపుతరు. ఆఖరి పాటల తన డ్రమ్స్ కొట్టి రికార్డు చేసి, నీ జాగ గట్లనే పెట్టిండు ఆయన. ఇంకోన్ని పిలువుమంటె, వాడు రాకుంటె ఖాళీగనే ఇడుస్త అన్నడు."

బస్తాలు పడితే ఆ చప్పుడు ఇక రాదు. తెల్లారి మా సింగర్ రికార్డింగ్ సామాను పట్టుకొచ్చాడు. మేం వెళ్లేసరికే గోదాం ముందు లారీ నిలబడి ఉంది. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. చెవుల్లో ఆయన డ్రమ్స్, అదే తాపీ, అదే మొండితనం. పళ్లు కొరుక్కుంటూ ఒక స్వరం వాయించి ఆగాను. మళ్లీ ఒకటి వాయించి ఆగాను. నేను ఆగిన ప్రతిచోటా ఆయన వినిపిస్తున్నాడు. ఇన్నేళ్లు పక్కన నిలబడి వాయించాను గానీ ఆయన్ను ఇంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు. ఆగమన్నది ఇందుకేనని ఒక్క ముక్క నోరు తెరిచి చెబితే ఆయన సొమ్మేం పోయేది?

చివరి స్వరం వాయించి తలెత్తాను. తలుపు దగ్గర హమాలీలు వీపుల మీద బస్తాలతో వరసగా నిలబడ్డారు. "ఒడిసిందా సార్, లోపలికి రావొచ్చా?" అన్నట్టు ముందున్నాయన కళ్లతోనే అడిగాడు. నేను ఆగమని చెయ్యి ఎత్తాను. స్వరం అవతలి గోడ దాకా పోయి, రేకుల కింద తిరిగి, సన్నబడి ఆగిపోయింది. ఎత్తిన చెయ్యి దించడం నా వల్ల కాలేదు. వాళ్లు బరువు మోస్తూ అలాగే నిలబడ్డారు.