సంఘం అనే మాట

పెద్దచెరువు కింది మాదిగవాడలో సుసన్న నోటికి జడవని వాళ్లు లేరు. ఆమె అబద్ధాలాడేది కాదు, చాడీలు చెప్పేది అంతకన్నా కాదు. కడుపులో ఒకటి పెట్టుకుని నోటితో ఇంకొకటి అనడం చేతకాని మనిషి, అంతే. అలాంటి ఆడదాన్ని లోకం గయ్యాళి అంటుంది. అననీ. లోకం నోటికి తాళం వేయడం ఎవరి వల్ల అయింది?

బాప్తిస్మానికి ముందు ఆమె పేరు బుగ్గమ్మ. కొత్త కోడలుగా ఇబ్రహీంపట్నం వచ్చిన ఏడాదే పటేలు వాకిలి ఊడ్వడానికి పోవాల్సి వచ్చింది. ఊళ్లోకి అడుగు పెట్టగానే చెప్పులు విడిచి చేత పట్టుకోవాలని అత్త చెప్పి పంపింది. చెప్పింది చెప్పినట్టే చేసింది బుగ్గమ్మ. అంతటితో ఊరుకుంటే ఆమె బుగ్గమ్మ ఎందుకవుతుంది? పటేలు అరుగు మీద హాయిగా పడుకున్న కుక్కను చూసి, "పుడితే గిట్ల పుట్టాలె. అరుగెక్కినా ఎవలేమనరు," అంది. ఆ మాట లోపలికి చేరింది. ఆ పొద్దు అత్త చేతి చీపురు దెబ్బలు వీపున పడ్డాయి. అత్తను అని ఏం లాభం, ఆమెకు కొట్టడానికి కోడలు తప్ప ఇంకెవరు దొరుకుతారు?

భర్త ఇస్తారి దీనికి పూర్తిగా వ్యతిరేకం. నెమ్మదస్తుడు, మోటకు తోలు బొక్కెనలు కుట్టేవాడు. బాలస్వామి ఉపదేశి వాడకొచ్చి ప్రార్థన పెట్టిన కొత్తలో అందరికన్నా ముందు చెవి ఒగ్గింది అతనే. చెరువు నీళ్లలో మునిగి లేచి ఇశ్రాయేలు అయ్యాడు. బుగ్గమ్మ సుసన్న అయింది. శంకరయ్య పటేలు మాత్రం అతన్ని చివరిదాకా "ఇస్తారిగా" అనే పిలిచాడు. నోరు తిరగక కాదు. పట్నం నుంచి దిగే అధికారుల మూరెడు పేర్లను బిరుదులతో సహా గుక్క తిప్పుకోకుండా పలికిన నోరే అది.

వాడలో ప్రార్థనకు వచ్చే ఇళ్లన్నీ కలిపి సంఘం. ఆ సంఘానికి ఇశ్రాయేలును పెద్దగా నిలబెట్టారు. రోగం వస్తే పోయి ప్రార్థన చేయడం, మొగుడూ పెళ్లాలు కొట్టుకుంటే నడుమ కూర్చోవడం, వానలకు ముందు ప్రార్థన గుడిసె మీద గడ్డి మార్చడం అతని పనులు. ఇవేం పెద్ద అధికారాలని నవ్వేవాళ్లు నవ్వవచ్చు. పుట్టిన దగ్గర నుంచి పేరు చివర "గా" తగిలించుకుని బతికిన మనిషికి "సంఘ పెద్ద" అనే పిలుపు ఎంత ముద్దో వాళ్లకేం తెలుసు? సుసన్న కూడా నలుగురిలో మొగుణ్ణి "మా సంఘ పెద్ద" అనే అనేది. ఇంట్లో తిట్టేటప్పుడు వేరే పేర్లుండేవి.

ఆ పెద్దరికాన్ని ఇశ్రాయేలు ఒక్కసారే పటేలు ముందు వాడాడు. "ఆదివారం ప్రార్థన ఉంటది దొరా, వెట్టికి రాం. సోమవారం పొద్దుగూకే దాక చేస్తం," అన్నాడు. చేతులు కట్టుకునే అన్నాడు, తల వంచుకునే అన్నాడు. అయినా పటేలు ముఖం మాడిపోయింది. "గిర్జా పెట్టుకున్నరు, మొగోళ్లయిన్రు," అన్నాడు. గిర్జా అంటే తురక భాషలో చర్చి. ఆ రోజు నుంచి వాడ వైపు చూసినప్పుడల్లా గిర్జావాళ్లు, గిర్జావాళ్లు అని పళ్లు నూరడమే అతనికి పని.

ఆ కాలంలోనే నల్లగొండ వైపు నుంచి ఇంకో సంఘం వచ్చింది. అది ఎర్రజెండా సంఘం. వెట్టి చేయొద్దని, దొరల భూములు పంచుతామని చెప్పే సంఘం. రాచకొండ గుట్టల్లో వాళ్ల దళాలు తిరిగేవి. ఊళ్లల్లో "సంఘం" అంటే వాళ్లే, ఆ మాట పైకి అనాలంటే జనం అటూ ఇటూ చూసుకునేవాళ్లు. మాదిగవాడలో మాత్రం సంఘమంటే ప్రార్థన గుడిసే. ఎర్రజెండా పుట్టకముందు నుంచీ వాడుకుంటున్న మాటను ఎవరో వచ్చి పెట్టుకున్నారని వీళ్లు ఎందుకు వదులుకుంటారు?

రజాకార్లు ఊళ్ల మీద పడ్డప్పుడు పటేలు వాళ్లకు కోళ్లు కోయించి పెట్టాడు. పోలీసు చర్య జరిగి నిజాము దిగిపోగానే తల మీది టోపీ మార్చాడు. వారం తిరిగేసరికి ఖద్దరు టోపీ పెట్టుకుని మిలిట్రీ జీపులకు దండలతో ఎదురుపోయాడు. గాలి ఎటు వీస్తే అటు తూర్పార పట్టే రకం. కొత్త సర్కారు మిలిట్రీ కూడా వచ్చింది రజాకార్లను పట్టడానికే. రజాకార్ల పని అయిపోయాక మాత్రం వెనక్కి పోకుండా ఎర్రజెండా వాళ్ల కోసం ఊళ్లు గాలించడం మొదలుపెట్టింది. ఆ సిపాయిలది ఏ దేశమో ఏమో, ఒక్కడికీ తెలుగు రాదు. ఉర్దూ మాట అటు నుంచి ఇటు చేర్చడానికి నడుమ పటేలు ఉండేవాడు.

ఎండాకాలం చివర ఒక పొద్దున ఇశ్రాయేలు ప్రార్థన గుడిసె మీద కూర్చుని గడ్డి కడుతున్నాడు. మిలిట్రీ వాడను చుట్టేసింది. మగవాళ్లందర్నీ గుడిసె ముందు ఎండలో కూర్చోబెట్టారు. చెరువు నుంచి చేపల గంపతో వస్తున్న బెస్త ఎల్లయ్యను కూడా పట్టుకొచ్చి వాళ్లలో కలిపారు. సుసన్న కట్టెలకు పోయింది, ఊళ్లో లేదు.

అధికారి ఏదో అడిగాడు. పటేలు దాన్ని తెలుగు చేసి, "సంఘంల ఎవలెవలున్నర్రా?" అన్నాడు.

ఇశ్రాయేలు చేతికి అంటిన గడ్డి దులుపుకుని లేచి నిలబడ్డాడు. అతని వెనకే ప్రార్థన గుడిసె ఉంది. అడిగింది దాని గురించే అనుకున్నాడు. ఇంకేమనుకుంటాడు? "సంఘ పెద్దను నేనే దొరా," అన్నాడు. బతుకులో మొదటిసారి ఒక పెద్ద అధికారి ముందు తన పేరూ పదవీ చెప్పుకునే అవకాశం వచ్చింది పాపం. పటేలు ఒక్క క్షణం అతని వంక చూశాడు. తర్వాత అధికారి వైపు తిరిగి రెండు ముక్కలు అన్నాడు.

అతన్ని చెరువు కట్ట మీదికి తీసుకుపోయారు. కాల్పుల మోత వాడకు వినబడింది. కట్టెల మోపుతో తిరిగొచ్చిన సుసన్నకు కట్ట మీదే శవం కనబడింది. మోపు ఎక్కడ పడేసిందో ఆమెకు తర్వాత ఎప్పుడూ గుర్తు రాలేదు.

మట్టి చేసే నాడు ఎల్లయ్య వెనకవెనకే వచ్చి, ఎవరూ వినకుండా ఆమెకు ఒక మాట చెప్పాడు. అతను జల్‌పల్లి, పహాడీ షరీఫ్ దాకా చేపలు మోసి అమ్మే మనిషి, ఉర్దూ బాగా వచ్చు. "అక్కా, సంఘం అంటే గిర్జా అని పటేలు చెప్పలే. 'లీడర్ హై సాబ్' అన్నడు. ఎర్రజెండోళ్ల పెద్ద అన్నట్టు. నా పేరు బయట పెట్టకు," అన్నాడు. చెరువులో వల వేయాలన్నా పటేలు దయ ఉండాలి మరి. సుసన్న ఏడవలేదు. అప్పటిదాకా ఏడ్చింది, ఆ మాట విన్నాక ఏడుపు ఆగిపోయింది.

మూడో రోజు ఆదరణ కూడిక. చావు జరిగిన ఇంటివాళ్లను ఓదార్చడానికి సంఘమంతా కూడి ప్రార్థన చేసి, కలిసి జొన్న గట్క తిని పోతారు. కూడిక మొదలయ్యే ముందు బాలస్వామి ఉపదేశి సుసన్నను పక్కకు పిలిచాడు. మంచివాడే. భయస్థుడు.

"సుసన్నమ్మా, ఇగ మీదట సంఘం అనే మాట వద్దు. విశ్వాసులు అందం. పటేలు గూడ వస్తనన్నడు ఓదార్పుకు. జర నోరు కట్టుకో బిడ్డా."

"వానెందుకు రమ్మన్నరు?"

"నేను రమ్మనలే. వస్తనంటె వద్దంటమా? రేపు మల్ల మిలిట్రీ వస్తే మనను కాపాడేటోడు ఎవడు?"

చంపించినవాడే కాపాడాలట. నక్కను పిలిచి కోళ్లగూటికి కాపలా పెట్టినట్టుంది ఈ ఓదార్పు అని సుసన్నకు ఒళ్లు మండింది.

పటేలు వచ్చాడు. అతని కోసం కుర్చీ తెచ్చి గుడిసెలో వేశారు. ఇశ్రాయేలు గడ్డి కట్టడం పూర్తి చేయని చోట నుంచి ఎండ లోపలికి పడుతోంది, కుర్చీని ఆ ఎండ తగలని చోటికి జరిపారు కూడా. ఎల్లయ్య బెస్తవాడు, లోపలికి రాడు. గుమ్మం బయట నిలబడ్డాడు. ఉపదేశి కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. ఇదంతా దేవుని చిత్తమన్నాడు. తెలియక చేసిన వాళ్లను క్షమించమన్నాడు. దుఃఖం తీర్చడానికి వచ్చిన పెద్దలను ఆశీర్వదించమన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు.

సుసన్న అనలేదు. చావింటి మనిషి ఆమేన్ అంటే గానీ ఆదరణ కూడిక ముగిసినట్టు కాదు, ఆ వాడలో పద్ధతి అది. జనం కళ్లు మూసుకునే కాచుకున్నారు.

"ఆమేన్ అను బిడ్డా," అన్నాడు ఉపదేశి.

"ఆమేన్ అంటే అవ్, నిజమే అన్నట్టని మీరే నేర్పితిరి గదయ్యా. గిది నిజం గాదు, నేనెట్లంట? నేను చేస్త ప్రార్థన. మీరు ఆమేన్ అనుండ్రి."

ఎవరూ వద్దనే ధైర్యం చేయలేదు. ఆమె మోకాళ్ల మీద నిలబడి, కళ్లు మూసుకుని, చేతులు జోడించింది.

"ప్రభువా, గా సిపాయిలకు మా మాట రాదు. వాళ్ల లెక్క నువ్వు చూస్కో. మాట వచ్చినోడు ఒకడు నడుమ నిలవడ్డడు. సంఘం అంటే గిర్జా అని ఆయనకు ఎరుకే. యాడాది పొడుగునా గిర్జా గిర్జా అని మమ్ముల తిట్టిన నోరే గది. గా ఒక్క మాట ఆనాడు ఎందుకు రాలే ఆ నోట్లకు? లీడర్ అన్నడు. ఆదివారం వెట్టికి రామన్నందుకు అన్నడు. నీ చిత్తమంటున్నరు. గాదు ప్రభువా, శంకరయ్య పటేలు చిత్తం గది. నీ మీద పెట్టి చేతులు కడుక్కుంటున్నరు. నాకు వాన్ని క్షమించే మనసు లేదు, ఉన్నదని నీ ముంగట అబద్ధమాడ. నువ్వు క్షమిస్తనంటే గది నీ ఇష్టం. కాని ముందుగాల వానితోని ఒప్పించు. ఒప్పుకోనోనికి క్షమాపణ ఎందుకు? గంతే."

ఒక్కరూ ఆమేన్ అనలేదు. ఆమెతో కలిసి నాట్లు వేసిన ఈదమ్మ తల మోకాళ్లలోకి దూర్చుకుంది. ఇశ్రాయేలు చేత కొట్లాటలు తీర్పించుకున్నవాళ్లు, అతని ప్రార్థనతో జ్వరాలు దిగాయని సాక్ష్యాలు చెప్పినవాళ్లు, ఎవరికి వాళ్లు కళ్లు ఇంకా గట్టిగా మూసుకున్నారు. దేవుడికి భయపడి కాదు ఆ కళ్లు మూసుకున్నది. కుర్చీకి.

పటేలు కళ్లు తెరిచి మెల్లగా నవ్వాడు. "దుఃఖంల ఉన్నది, ఏమన్న అంటది. నేనేమన్ననో ఎవడిన్నడు? ఉర్దూ వచ్చినోడు ఉన్నడా మీల ఒక్కడన్న?"

"అవ్," అన్నారెవరో.

అందరూ గుమ్మం వైపు తిరిగారు. అన్నది ఎల్లయ్య.

"అవ్. లీడర్ హై సాబ్ అన్నడు. గిర్జా అనలే. నేను ఆడనే కూసున్న, ఇన్న."

పటేలు లేచాడు. ఎల్లయ్యను దాటి బయటికి పోతూ, "చెరువు మొకం చూడు ఇగ," అని మాత్రం అన్నాడు. ఆ మాట ఊరికే అనలేదని ఆ ఏడాది పొడుగునా ఎల్లయ్య వల చూరుకే వేలాడి నిరూపించింది. పటేలును అడిగినవాడు లేడు, పట్టినవాడు లేడు. కొత్త సర్కారులో అతనికి కొత్త కుర్చీలే దొరికాయి. ఇది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. సిగ్గుపడాల్సిన వాళ్లకు ఎప్పుడూ లేకపోయింది.

గుడిసెలో ఎవరూ కదల్లేదు. గట్క అట్లాగే ఉంది. సుసన్న బయటికి వచ్చి ఎల్లయ్య ముందు నిలబడింది. అతను తల గోక్కున్నాడు.

"అక్కా, మీరంతా ప్రార్థన చివర ఏదో అంటరు గద. గది నాకు తెల్వది. గందుకే అవ్ అన్న. తప్పయిందా?"

మట్టి చేసిన నాటి నుంచి ఆగిన ఏడుపు అప్పుడు వచ్చింది ఆమెకు. కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత కొంగు తీసేసి, గుడిసెలో తలలు వంచుకున్న సంఘమంతటికీ వినబడేలా చెప్పింది.

"తప్పు గాలే ఎల్లన్నా. ఇయ్యాల గీడ ఆమేన్ అన్నది నువ్వొక్కనివే."