చిక్కుడుపాదు మీద మంచు

అన్న దగ్గర్నుంచి ఒక్క ఫొటో వచ్చింది, ఇంట్లో నా పరువు గంగలో కలిసింది.

అరవైల ఆఖరు మాట. అన్న మిలట్రీలో ఉండేవాడు, ఎక్కడో మంచుకొండల మీద. నేను టెక్కలిలో ఒక స్టూడియోలో ఫొటోలు కడిగేవాణ్ణి. టెక్కలికీ భావనపాడుకీ మధ్యనున్న మా ఊరినుంచి రోజూ సైకిలు మీద వెళ్ళొచ్చేవాణ్ణి. రీలు చివర ఒకటో రెండో మిగిలితే ఓనరు నన్ను తీసుకోమనేవాడు. చలికాలం పొద్దున్నే బంతిమొక్కలు, కందిచేలు, గుమ్మడాకు మీద మంచుబొట్లు తీసేవాణ్ణి. అమ్మకిస్తే తడిచేత్తో పట్టుకుని, బాగుందిరా అని చూరులో దోపేసేది.

అన్న పంపింది ఏదో చెట్టు ఫొటో. కొమ్మల నిండా జానెడేసి మంచు ఊడలు. అన్న అందులో లేడు కూడా. సగం మసక. అలాంటిది నేను కడిగితే మా ఓనరు చింపి పారేసేవాడు. అమ్మ దాన్ని దేవుడి పటాల మధ్య పెట్టి రోజూ దీపం చూపించేది. వచ్చినవాళ్ళందరికీ అదే చూపించేది. ఒళ్ళు మండిపోయేది నాకు. ఏం, నావి ఫొటోలు కావా?

మంచు ఊడలే కదా కావాలి, అనుకున్నాను. ఓనర్ని బతిమాలి కెమెరా తెచ్చాను. భావనపాడు చేపల షెడ్డులో ఐసుగెడ్డ అడిగి, ఊకలో చుట్టి తెచ్చాను. తెల్లారగానే అమ్మ నీళ్ళకి వెళ్ళడం చూసి, ముక్కలు కొట్టి పెరట్లో ఆవిడ చిక్కుడుపాదుకి దారాలతో వేలాడదీశాను. కడితే కట్టినట్టే కారిపోతున్నాయి. చేపలవాళ్ళు ఐసులో ఉప్పు కలపడం చూసిన తెలివి నాది. ఉప్పేస్తే నిలుస్తుందనుకుని నాలుగు దోసిళ్ళ కళ్ళుప్పు జల్లాను. ఇంకా తొందరగా కారింది. ఆ కంగారులోనే రెండు ఫొటోలు కొట్టాను. ఒకటి అద్దంలా వచ్చింది. అన్న చెట్టు దాని ముందు దిగదుడుపే.

నాలుగు రోజులకి నేను ఫొటో కడిగి తెచ్చేసరికి ఆ ఉప్పుకి పాదు మాడిపోయింది. అమ్మ ఎండుతీగలు లాగుతూ ఏ తెగులు తగిలిందో అని ఏడుస్తోంది. ఫొటో చేతికిచ్చాను. చూసింది, అర్థమైంది. ఎందుకు చేశావని మాత్రం అడిగింది. అన్నది దేవుడి దగ్గర, నావి చూరులోనా అని అరిచాను.

"అందంగా ఉన్నాదని పెట్టాననుకున్నావేటిరా? అంత సలిలో ఆడెలా ఉన్నాడో అని బెంగెట్టుకుని పెట్టాను. నువ్వు పొద్దుగూకితే ఇంటికొస్తావు. నీ కోసం నాకు బెంగేటి?"

కిందపడ్డ ఎండుతీగలు ఏరి దిబ్బలో పారేశాను. కానీ నిజం చెప్పొద్దూ, కుళ్ళు తగ్గకపోగా పెరిగింది. ఆ బెంగలో నా వాటా ఏది?

మర్నాడు సాయంత్రం ఇంటికి వెళ్ళలేదు. కబురూ పంపలేదు. స్టూడియోలోనే ఉండిపోయాను.

తెల్లారి తలుపు తీస్తే మెట్ల మీద అమ్మ కూర్చుని ఉంది. అంత దూరం నడిచి వచ్చింది. కాళ్ళ నిండా దుమ్ము, కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఆ మొహం చూస్తే నాకు జాలి వేయలేదు, సంతోషం వేసింది.